అజంతా గోడల మీది లక్కపూత

మా అమ్మమ్మగారి ఇంటి నడవాలో ఒక నిర్మల్ పలక ఉండేది. నల్లటి నేల మీద బంగారు అంచు చీరతో, ఓరగా తల వంచి నిలబడిన ఒక అజంతా స్త్రీ బొమ్మ అది. తాతయ్య ఆదిలాబాదు జిల్లాలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో నిర్మల్‌లోనే కొన్నారట. యాభై ఏళ్ల అగరుబత్తి పొగా, తాలింపు పొగా పట్టి ఆ బొమ్మ ముదురు తేనె రంగుకు తిరిగింది. ఆరేళ్ల కిందట దీపావళికి ఇల్లు దులుపుతూ, మంచి పనే చేస్తున్నాననుకొని, రంగుల దుకాణం నుంచి తెచ్చిన థిన్నర్‌లో గుడ్డ ముంచి నేను ఆ ముఖం తుడిచాను. మసితోపాటు ఎడమ కన్ను కూడా గుడ్డకు అంటుకొని వచ్చేసింది.

మా మామయ్య ముప్పై నాలుగేళ్లు హైస్కూలులో డ్రాయింగు మాస్టారుగా పనిచేశారు. ఆయన చేత ఆ కన్ను మళ్లీ గీయించుకోవచ్చని నేను ధీమాగా ఉన్నాను. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు కాని, కన్ను మాత్రం గీయనన్నారు. ఎందుకని ఎన్నిసార్లు అడిగినా జవాబు చెప్పలేదు. ఈ సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు, కనుమ నాటి గారెలు తింటూ, "అమ్మాయ్, అజంతా వెళ్లొద్దాం పద. నువ్వు తుడిచిందేమిటో ఒకసారి చూసి వద్దువుగాని," అన్నారు.

2025 జనవరి 16, గురువారం: ఔరంగాబాదు

ఊరి పేరు ఛత్రపతి శంభాజీనగర్‌గా మారి రెండేళ్లవుతున్నా, ఆటో డ్రైవర్లూ టీ కొట్టువాళ్లూ మాతో పాత పేరే వాడారు. మేము హైదరాబాదు నుంచి వచ్చామని తెలియగానే వారి హిందీ ఇంకాస్త దక్కనీ అయిపోయింది. ఈ ప్రాంతమంతా 1948 దాకా నిజాం రాజ్యంలోదే కనుక, షాగంజ్ వీధుల్లో నడుస్తుంటే పాతబస్తీలో ఎప్పుడూ చూడని సందులోకి తిరిగినట్లే ఉంది.

మధ్యాహ్నం అక్కడే నాన్ ఖలియా తిన్నాము. మసాలా దట్టించి గంటల తరబడి ఉడికించిన మాంసం పులుసు, దానికి తోడు పసుపు రంగు పూసి తందూరులో కాల్చిన పెద్ద మెత్తటి నాను. తుగ్లక్ సైన్యం ఢిల్లీ నుంచి దౌలతాబాదుకు తరలివచ్చినప్పుడు పుట్టిన వంటకమని హోటలతను చెప్పాడు. నిజమో కాదో గాని, ఒక పళ్లెం ఇద్దరికి సరిపోయింది. రెండో నానుతో కలిపి 220 రూపాయలు తీసుకున్నారు. మామయ్య పులుసు మీద తేలిన నూనెను చెంచాతో పక్కకు నెడుతూ, అజంతా గోడల సంగతి మొదలుపెట్టారు.

ఆ బొమ్మలను అందరూ ఫ్రెస్కోలని పిలిచినా అవి ఫ్రెస్కోలు కావు. ఫ్రెస్కోలో సున్నపు గార తడి ఆరకముందే రంగు వేస్తారు. సున్నం గట్టిపడుతూ రంగును తనలో బిగించుకుంటుంది. అజంతాలో అలా కాదు. ఉలితో గరుకుగా చెక్కిన బసాల్టు రాతి మీద ఊక, గడ్డి, మొక్కల నార కలిపిన మట్టిని మెత్తి, దాని మీద పలుచగా సున్నం పూసి, అది ఆరాక జిగురు కలిపిన రంగులు వేశారు. అంటే రంగును పట్టి ఉంచేది జిగురు ఒక్కటే. "నీళ్లలో ముంచిన గుడ్డ చాలు, దాని ప్రాణం తీయడానికి. నువ్వయితే ఏకంగా థిన్నరే వాడావు," అన్నారు మామయ్య. ఆరేళ్లలో ఆయన నన్ను దెప్పిన మొదటి మాట అదే.

జనవరి 17, శుక్రవారం: అజింఠా గ్రామం, ఫర్దాపూర్, మొదటి రెండు గుహలు

పొద్దున్నే ఎర్ర ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు, ఎక్కాము. మహారాష్ట్రలో ఆడవాళ్లకు సగం టికెట్టే కనుక కండక్టరు నాకు సగం, మామయ్యకు పూర్తి టికెట్టు కొట్టాడు. సుమారు వంద కిలోమీటర్ల దారి. మూడు గంటల తరువాత "అజింఠా, అజింఠా" అన్న కేక వినిపించగానే సంచులు పట్టుకొని దిగిపోయాము. బస్సు దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయాక, గుహలు ఎటని ఒక పెద్దాయనను అడిగితే ఆయన నవ్వాడు. మేము దిగింది అజింఠా అనే ఊళ్లో. గుహలు ఘాటు రోడ్డు దిగి, ఇంకా పది కిలోమీటర్ల పైచిలుకు వెళితే వస్తాయి. ఈ పొరపాటు రోజుకు నలుగురైనా చేస్తారట.

దిగినందుకు నాకు బాధ కలగలేదు. చుట్టూ కోటగోడ, పెద్ద దర్వాజాలు, నీడలో మేకలను కట్టేసిన పాత ఊరు అది. దర్వాజా పక్కన ఒక ముసలావిడ జొన్న భాక్రీలు కాలుస్తూ, వాటి మీద పచ్చిమిరపకాయ, వెల్లుల్లి దంచిన ఠేచా పెట్టి ఇచ్చింది. మన రోటి పచ్చడికి అక్కలాంటిదే, కాకపోతే చింతపండు తగలదు. నాలుగు భాక్రీలకు 60 రూపాయలు. షేర్ జీపులో మనిషికి 40 రూపాయల చొప్పున ఇచ్చి ఘాటు దిగాము.

గుహలకు నాలుగు కిలోమీటర్ల ముందే ప్రైవేటు వాహనాలను ఆపేస్తారు. అక్కడ నుంచి ప్రభుత్వ బస్సే ఎక్కాలి. వాహనాల పొగ బొమ్మలకు తగలకూడదని ఈ ఏర్పాటు. అయితే బస్సు దగ్గరకు చేరాలంటే రాళ్ల దుకాణాల మధ్య నుంచి నడవాలి. ఒక కుర్రవాడు మెరిసే స్ఫటికపు ముక్కను నా చేతిలో పెట్టి, "గిఫ్ట్ హై దీదీ, తిరిగొచ్చేటప్పుడు మా దుకాణానికి రండి," అన్నాడు. ఉచితంగా తీసుకున్నదాని బరువు సాయంత్రానికి తెలిసింది. మరో రాయి 150 రూపాయలకు కొంటే గాని అతని ముందు నుంచి కదలలేకపోయాను.

గుర్రపు నాడా ఆకారంలో వంగిన కొండ, కింద వాఘోరా వాగు, కొండ నడుములో వరుసగా ముప్పై దాకా గుహలు. చూపు ఆగిపోయే చోటే. కాని మేము వచ్చింది కొండ కోసం కాదు. ప్రవేశ రుసుము 40 రూపాయలు చెల్లించి, చెప్పులు విప్పి ఒకటో గుహలోకి వెళ్లాము.

మొదట ఏమీ కనిపించదు. కళ్లు చీకటికి అలవాటు పడడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అంతలోనే చాలామంది ఫోటో తీసుకోవడానికి ప్రయత్నించి, ఫ్లాష్ వద్దని కాపలాదారు చేత తిట్లు తిని బయటకు పోతారు. ఆగినవారికి మాత్రం గర్భగృహానికి ఎడమ పక్క గోడ మీద బోధిసత్త్వుడు పద్మపాణి మెల్లగా వెలికి వస్తాడు. చేతిలో తామర, ముత్యాల కిరీటం, అరమోడ్పు కన్నులు. మా నిర్మల్ పలక మీది స్త్రీ తల వంచిన తీరు ఎక్కడిదో నాకు అప్పుడు అర్థమైంది.

మామయ్య బొమ్మను చూడడం లేదు. బొమ్మ అంచులను చూస్తున్నారు. పూత రాలిపోయిన ప్రతిచోటా విరిగిన అంచు వెంబడి సన్నగా, సాదాగా గార కట్టు వేసి ఉంది. ఆ కట్టు లేకపోతే మిగిలిన పూత కూడా పెంకులు పెంకులుగా ఊడిపోయేది. రాలిన చోటును ఎవరూ రంగుతో నింపలేదు. మోకాలు లేని రాకుమారుడు మోకాలు లేకుండానే కూర్చున్నాడు. కొంతసేపు చూస్తే ఆ ఖాళీ బాధించడం మానేస్తుంది. ఆ పక్కనే ఎవరైనా ఈ కాలపు మోకాలు గీసి ఉంటే కన్ను దాని మీదనే ఆగిపోయేది. మన గుళ్లలో పాత కప్పుచిత్రాలను ఎనామెల్ పెయింటుతో "కొత్తగా" చేయించి, దాత పేరు కింద రాయించే ఉత్సాహం గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

ఆ రాత్రి ఫర్దాపూర్‌లో మేము దిగిన చోట భోజనానికి శేవ్ భాజీ పెట్టారు. ఎర్రటి కారపు పులుసులో లావు కారప్పూస వేసి ఇస్తారు. మెత్తబడక ముందే తినాలి. పక్క బల్ల దగ్గర డెబ్భై ఏళ్లు దాటిన ఒక మరాఠీ ఆవిడ ఒంటరిగా తింటున్నారు. మా మాటల్లో "షెల్లాక్", అంటే లక్క వార్నిష్, అన్న పదం చెవినబడి, కుర్చీ మా వైపు తిప్పుకున్నారు. పాత భిత్తిచిత్రాలను శుభ్రం చేసే పనిలో ముప్పై ఏళ్లకు పైగా గడిపి విశ్రాంతి తీసుకున్నారట. ఆమె పేరు ఇక్కడ రాయను. మేము ముందుగా పుచ్చుకున్న అనుమతి ఏదీ లేదు.

ఆమె తన సంచిలోంచి దూది, ఒక సన్నటి వెదురు పుల్ల తీశారు. దూదిని పుల్ల కొనకు చుట్టి, బల్ల మీద ఎండిపోయిన పులుసు మరక పక్కన పెట్టి, నీళ్లలో కొద్దిగా తడిపి, మరక మీద వేళ్లతో దొర్లించారు. ఒకే దిక్కుకు, ఒకే ఒక్కసారి. దూది గోధుమ రంగుకు తిరిగింది. దాన్ని ఊడదీసి పారేసి, కొత్త దూది చుట్టారు. "రుద్దితే మురికి మళ్లీ రంగులోకే దిగుతుంది. దొర్లిస్తే దూది దాన్ని తీసుకొని పోతుంది. ప్రతిసారీ దూదిని చూడాలి. గోధుమ రంగు వస్తే మురికి. ఎరుపో ఆకుపచ్చో కనిపించిందా, చెయ్యి తీసేయాలి," అన్నారు. మరకలో చిటికెన గోరంత భాగం తెల్లబడడానికి పదకొండు దూది ముక్కలు పట్టాయి. నేను లెక్కపెట్టాను.

తరువాత లేచి గోడను వేలి కణుపుతో తట్టి, గట్టిగా పలికే చోటుకూ డొల్లగా పలికే చోటుకూ తేడా వినిపించారు. డొల్లగా పలికిందంటే పూత రాతిని వదిలేసిందన్నమాట. అక్కడ సన్నటి రంధ్రం గుండా సిరంజితో పలుచని గార ఎక్కించి, మెత్తటి అదుముతో ఆరేదాకా పట్టి ఉంచుతారు. ఊడిపోయేలా ఉన్న రంగు పెచ్చుకైతే ముందు పలుచని జపాను కాగితాన్ని పైన అతికించి, తరువాతనే దాని వెనక పని మొదలుపెడతారు. పైకి ఉబ్బిన చోట్లు కనిపెట్టడానికి దీపాన్ని గోడకు ఆనించినట్లు పక్క నుంచి వేస్తే, చిన్న ఉబ్బుకూ నీడ పడుతుంది.

"మీరు వాడిన మందుల్లో అన్నిటికన్నా మెత్తనిది ఏది?" అని మామయ్య అడిగారు. ఆమె నవ్వి, "ఉమ్మి," అన్నారు. మసి పట్టిన వార్నిష్ మీద చాలామంది నిపుణులు మొదట ప్రయత్నించేది దాన్నేనట. అందులోని ఎంజైములు మురికిని సున్నితంగా విడదీస్తాయి. అయితే ఇక్కడి గోడల మీద కాదని వెంటనే హెచ్చరించారు. జిగురు రంగు తడిని ఓర్చుకోదు.

జనవరి 18, శనివారం: తొమ్మిది, పది, పదహారు, పదిహేడు

రాత్రి ఆమె చెప్పిన కథతోనే ఈ రోజు మొదలైంది, కాబట్టి అది ముందు రాస్తాను.

1819 ఏప్రిల్‌లో మద్రాసు సైన్యపు అధికారి జాన్ స్మిత్ పులి వేటకు వచ్చి ఈ గుహలను చూసిన తరువాత, బొమ్మలకు ప్రతులు తీసే పని దశాబ్దాల తరబడి నడిచింది. రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ల తరబడి గీసిన ప్రతుల్లో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ మంటల్లో పోయాయి. జాన్ గ్రిఫిత్స్ బొంబాయి ఆర్ట్ స్కూలు విద్యార్థులతో 1872 నుంచి 1885 దాకా తీయించిన ప్రతుల్లో ఎన్నో 1885లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్‌లో తగలబడ్డాయి. ప్రతులు కాలిపోవడం ఒక నష్టం. రంగులు స్పష్టంగా కనబడాలని ఆ రోజుల్లో అసలు బొమ్మల మీదే వార్నిష్ పూయడం మరో నష్టం.

నిజాం రాజ్యం 1914లో పురావస్తు శాఖను ఏర్పాటు చేసి గులాం యజ్దానీని అధిపతిగా నియమించింది. రాలిపోతున్న పూతను నిలబెట్టడానికి ఇటలీ నుంచి లొరెంజో చెక్కోనీని, ఆయన సహాయకుడు ఓర్సీనీని పిలిపించారు. 1920 నుంచి 1922 దాకా చలికాలాల్లో వారు ఇక్కడ పనిచేశారు. నిన్న మేము చూసిన గార కట్ల పద్ధతి వారితో మొదలైనదే. వారు లేకపోతే ఈ గోడల మీద ఎంత మిగిలేదో చెప్పలేము. కాని వారు పొడిబారిన రంగులను బిగించడానికి లక్క వార్నిష్ పూశారు. మన వడ్రంగులు ఫ్రెంచ్ పాలిష్ కోసం స్పిరిట్‌లో కరిగించే లక్కే అది. పూసిన రోజున రంగులు తడిసిన గులకరాళ్లలా మెరిసి ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ లక్క పచ్చబడి, గోధుమ రంగుకు మారి, దుమ్మునూ గబ్బిలాల మురికినీ పట్టేసుకుంది. కొత్త లక్క స్పిరిట్‌తో కరుగుతుంది గాని, పాతబడిన లక్క అంత సులువుగా కరగదు. దాన్ని కరిగించేంత ఘాటు మందు వాడితే కింది రంగుకు ముప్పు. స్వాతంత్ర్యం తరువాత కేంద్ర పురావస్తు శాఖ రసాయనికులు ఎదుర్కొన్న చిక్కు ఇదే. వారు కూడా ఒక కాలంలో పాలివినైల్ ఎసిటేట్ అనే మరో పూత వాడారు. ఇప్పుడు దాన్నీ ఆలోచించి తీయవలసి వస్తోంది.

పదో గుహలో నిలబడి ఇదంతా తలచుకుంటే ఒళ్లు జలదరించింది. క్రీస్తుపూర్వపు బొమ్మలు ఉన్నది ఇక్కడా, తొమ్మిదో గుహలోనూ, శాతవాహనుల నాటివి. స్తంభాలకు అద్దాలు బిగించారు. ఒక స్తంభం మీద, మన తల కన్నా బాగా ఎత్తున, బుద్ధుని బొమ్మ మీద జాన్ స్మిత్ గీకిన తన పేరూ తేదీ ఉన్నాయి. అంత ఎత్తున ఎలా గీకాడంటే, అప్పట్లో గుహ నిండా పేరుకున్న మట్టీ రాళ్ల కుప్ప మీద నిలబడ్డాడు. ఆ కింద మనవాళ్ల పేర్లూ ఉన్నాయి, వాటి మధ్య గుండె గుర్తులూ ఉన్నాయి. ఎడమ గోడ మీది బొమ్మల్లో శుభ్రం చేసిన చోటుకూ చేయని చోటుకూ మధ్య గీత నాకు కనిపించింది. ఒక వైపు తేనె రంగు మబ్బు. మరో వైపు ఎర్రమన్ను ఎర్రగా, తెలుపు తెల్లగా.

పదిహేడో గుహలో మామయ్య చాలాసేపు ఒక నీలం ముక్క ముందు నిలబడ్డారు. తక్కిన రంగులన్నీ దగ్గరి నేల ఇచ్చినవే: ఎర్రమన్ను, పసుపుమన్ను, పచ్చమన్ను, దీపపు మసి. నీలం మాత్రం ఆఫ్ఘన్ కొండల నుంచి వర్తకుల మూటల్లో వచ్చిన లాపిస్ లాజులీ రాతి పొడి. ఇది వాకాటకుల కాలంలో, అయిదో శతాబ్దంలో వేసిన గుహల్లోనే కనిపిస్తుంది. బుద్ధుని ముందు బిడ్డను నిలబెట్టిన తల్లి బొమ్మ దగ్గర కాపలాదారు "చలో, చలో" అంటూ తొందరపెట్టాడు. గుహకు పరిమితంగానే మనుషులను వదులుతారు, పావుగంటే సమయం. విసుక్కోబోయి ఆగాను. మన ఊపిరిలోని తేమ కూడా ఆ జిగురుకు శత్రువే. అతను నా నుంచి ఆవిడను కాపాడుతున్నాడు.

పదహారులో మూర్ఛపోతున్న రాకుమార్తెను చూసి బయటికి వచ్చేసరికి మామయ్య మోకాళ్లు ఇక సాగలేదు. డోలీవాళ్లు పిలుస్తూనే ఉన్నారు. "నలుగురి భుజాల మీద వెళ్లే రోజు ఎలాగూ ఒకటుంది, ఇవాళే ఎందుకు?" అని నవ్వి, కర్ర పట్టుకొని మెట్లు దిగారు.

జనవరి 19, ఆదివారం: ఎల్లోరా

ఎల్లోరాను ఒక పూటలో చూడడం అన్యాయమే. కైలాస ఆలయపు కప్పుల మీదా, జైన గుహల కప్పుల మీదా మిగిలిన రంగుల కోసమే మెడ నొప్పి పుట్టేలా చూశాము. ఇక్కడి మట్టిపూతలో గంజాయి నార కలిపారని 2016లో పరిశోధకులు ప్రకటించారు. అజంతా పూతను పురుగులు తొలిచేసినంతగా ఎల్లోరాలో తొలవలేకపోవడానికి అదొక కారణమని వారి వాదన. ఈ మాట విన్న పక్క గుంపులోని కాలేజీ కుర్రాళ్లు ఎంత సంతోషించారో చెప్పనక్కరలేదు. బయట బండి మీద జామకాయలు కొనుక్కొని, ఉప్పూకారం అద్దుకొని తిన్నాము. రెండు 30 రూపాయలు.

జనవరి 21, మంగళవారం: హైదరాబాదు, పబ్లిక్ గార్డెన్స్

తిరిగొచ్చిన మర్నాడు మామయ్య పట్టుబట్టి స్టేట్ మ్యూజియానికి తీసుకెళ్లారు. సయ్యద్ అహ్మద్, మహమ్మద్ జలాలుద్దీన్ నిజాం కాలంలో తీసిన అజంతా ప్రతులు అక్కడ ఉన్నాయి. పావుగంట నియమం లేదు, చలో అనేవారు లేరు. వరండాలో ఒక కుటుంబం పులిహోర పొట్లాలు విప్పుతోంది. పద్మపాణి ముందు నేనూ మామయ్యా తప్ప ఎవరూ లేరు. ఈ ప్రతులు గీసినవారు నెలల తరబడి గుహల్లో కూర్చొని, ఒక్కొక్క గీత ఎటు నుంచి ఎటు పోయిందో పట్టుకున్నారు. తమ గీత ఒక్కటీ కలపకూడదన్నదే వారి నియమమని మామయ్య అన్నారు. ఆయన నిర్మల్ పలక మీద కన్ను గీయనన్నది ఎందుకో నేను మళ్లీ అడగలేదు.

జనవరి 26, ఆదివారం: ఇల్లు

సెలవు కదా అని మామయ్య పొద్దున్నే వచ్చారు. చంకలో దూది పొట్లం, జేబులో పళ్లు కుట్టుకునే పుల్లల డబ్బా. పలకను గోడ నుంచి దించి, కిటికీ పక్కన బల్ల మీద దుప్పటి పరచి పడుకోబెట్టాము. చట్రం ఊడదీస్తే, దాని కింద దాగిన అంగుళంలో సగం మేర నలుపు నల్లగా, బంగారం బంగారంగా ఉంది. మిగతా పలక ఎంత పొగ తాగిందో అప్పుడు తెలిసింది.

పుల్లకు దూది చుట్టి నా చేతికిచ్చారు. నోట్లో తడిపి, ఎడమ కింది మూలన, చట్రం కప్పే చోటే, ఒకే దిక్కుకు దొర్లించాను. దూది టీ రంగుకు వచ్చింది. పారేశాను. రెండోది, మూడోది. తొమ్మిదో దూది కూడా గోధుమ రంగే. పదోదాని కొసన సన్నటి పసుపు మెరుపు కనిపించినట్లయింది. అది బంగారు పూతో, వట్టి కిటికీ వెలుగో తేల్చుకోలేక మామయ్య వైపు చూశాను. ఆయన నా చేతిలోంచి పుల్ల తీసుకున్నారు.

పలకను బోర్లించి వెనక వైపు పెన్సిలుతో గుండ్రటి అక్షరాలతో రాశారు: "26-1-2025. ఎడమ కింది మూల, చిటికెన గోరంత. ఉమ్మి, దూది, పది సార్లు. పదోసారి అనుమానం వచ్చి ఆపాము. ముఖం ముట్టుకోలేదు." దాని కింద కొంచెం చోటు వదిలి, నన్ను కూడా రాయమన్నారు. నేను ఆరేళ్ల కిందటి దీపావళి తేదీ వెతికి, థిన్నర్ అనీ, గుడ్డ అనీ, ఎడమ కన్ను అనీ రాశాను.